వేలిముద్ర పద్యం: ‘ఉప్పుకాగితం’ అనే వ్యాఖ్యతో

మూలం (ఆటవెలది)

రంగు వేయు వాడు రాత్రంత మేల్కొని
దోమ వాలె ననుచు తుడువ బోయి
వేలిముద్ర నొకటి వేసె నా కారుపై
ఆరనీక ముట్ట నగునె తండ్రి

అవతారిక

ప్లాస్టిక్ కారు కిట్టు కొంటే పెట్టెలో సూత్రగ్రంథం కూడా వస్తుంది. అందులో మాటలు తక్కువ, బాణం గుర్తులు ఎక్కువ. ఏ ముక్క ఎక్కడ అతకాలో, దేనికి ఏ నంబరు రంగు వేయాలో ఆ బొమ్మలు చెబుతాయి. వేసిన రంగును ఎంతసేపు ముట్టకుండా కూర్చోవాలో మాత్రం చెప్పవు. సూత్రకారుడు వదిలేసిన ఆ ఒక్క సంగతి మీదే మన కవి నాలుగు పాదాలూ ఖర్చుపెట్టాడు.

పద్యానికి ముందు జరిగిన కథ ఇది. నాయకుడు ముక్కల్ని గిన్నెలు తోమే సబ్బుతో కడిగాడు. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు. నిప్పరుతో ఫ్రేము నుంచి కత్తిరించాడు. అచ్చు రెండు సగాలూ కలిసినచోట మిగిలే సన్నటి గీతను ఉప్పుకాగితంతో రుద్దాడు. సందుల్లో లప్పం పెట్టాడు. ప్రైమరు కొట్టాడు, దాని మీద ఎరుపు పల్చపల్చగా కొన్ని పూతలు, ఆపైన మెరుపు పూత. కవి ఇందులో ఒక్కటీ చెప్పలేదు. చేసేవాడికి తెలుసు, చెయ్యనివాడికి అక్కర్లేదు.

ప్రతిపదార్థం

రంగు వేయు వాడు = కారు బాడీకి సరదా కొద్దీ రంగు కొట్టేవాడు (గోడలకు వేసేవాడు కాడు; అతనికి డబ్బు వస్తుంది, ఇతనికి పోతుంది); రాత్రంత = ఇంట్లో అందరూ పడుకున్నది మొదలు పాలవాడు వచ్చేదాకా గల కాలమంతా; మేల్కొని = నిద్ర మాని, అనగా రేపటి ఆఫీసును లెక్కచేయక; దోమ = దోమ; వాలెను అనుచు = వాలిందే అని పైకే అంటూ; తుడువన్ పోయి = తుడిచేద్దామని వేలు చాచి (‘తుడిచి’ అనలేదు గనుక దోమ ఇంకా అక్కడే ఉందని గ్రహించాలి); ఆ కారుపై = ఆ తడి కారు బానెట్టు మీద; వేలిముద్రన్ ఒకటి = సాక్షాత్తూ తనదే అయిన ముద్రను; వేసెను = అచ్చొత్తాడు; ఆరనీక = ఆరనివ్వకుండా; ముట్టన్ అగునె = ముట్టవచ్చునా (కూడదని వాచ్యార్థం, ముట్టనివాడు లేడని ధ్వని); తండ్రి = ఓ నాయనా.

తాత్పర్యం

రాత్రల్లా మేలుకొని రంగు వేసినవాడు, దోమ చేసిన చిన్న నష్టాన్ని వేలు పెట్టి పెద్దది చేసుకున్నాడు. ఆరేదాకా దోమను ఉండనిచ్చి ఉంటే, రుద్దితే పోయే కాళ్లు మాత్రమే మిగిలేవి.

విశేషాలు

అసలా దోమ ఎక్కడి నుంచి వచ్చిందని శంక. దాన్ని పిలిచింది నాయకుడే. ఫ్యాను తిరిగితే గదిలోని ధూళి లేచి తడి పూత మీద చేరుతుంది గనుక ఫ్యాను కట్టాడు. థిన్నరు వాసనకు తల తిరుగుతుంది గనుక కిటికీ తెరిచాడు. బానెట్టు కనబడాలి గనుక దీపం దగ్గరకు లాక్కున్నాడు. ఇక దోమ రాకుండా ఎలా ఉంటుంది? కాయిల్ వెలిగిద్దామంటే థిన్నరు ఆవిరి ఉన్న గదిలో నిప్పు పనికిరాదు, పైగా బూడిద రాలుతుంది. దోమల బ్యాటు చిటపటమని నిప్పురవ్వలు విసురుతుంది, అదీ నిషిద్ధమే. ఒంటికి క్రీము రాసుకుంటే ఆ జిడ్డు చేతుల మీదుగా బాడీకి అంటి, అక్కడ రంగు నిలవక గుండ్రటి గుంటలు పడతాయి. ఆయుధాలన్నీ లాక్కుని యుద్ధానికి పంపిన ఘట్టం ఇది. ఇందులో వీరరసం ఉందన్నవారున్నారు. నాకు కరుణమే కనిపిస్తుంది. పూత ముగిసిన మరుక్షణం కారు మీద పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించడం అనే ఉపాయం ఒకటుంది. కవి దాన్ని ఎరగడని కాదు, బోర్లిస్తే పద్యం పుట్టదు.

ఒక దోమకు ఇంత రాద్ధాంతమా, ఇది అతిశయోక్తి అలంకారం అని ఒక పూర్వపక్షం. అలా అన్నవారు లెక్క కట్టలేదు. ఈ కార్లలో వాడుకలో ఉన్న కొలత ఇరవైనాలుగో వంతు. అసలు కారులో అడుగు ఇందులో అర అంగుళం. మన అంబాసిడరు సుమారు 4.3 మీటర్ల పొడవు, ఈ కొలతలో 18 సెంటీమీటర్లవుతుంది. కారు తగ్గింది గాని దోమ తగ్గలేదు. అర సెంటీమీటరు దోమను అసలు కారు లెక్కలోకి తెస్తే 12 సెంటీమీటర్లు, ఇంచుమించు పిచ్చుకంత. ఒకటిన్నర సెంటీమీటర్ల వేలిముద్ర 36 సెంటీమీటర్లు. ముద్రలో గీతకూ గీతకూ నడుమ ఉండే అర మిల్లీమీటరు అక్కడ 12 మిల్లీమీటర్లు. వీధిలో నిలిపిన కారు బానెట్టు మీద మనిషి పాదాన్ని మించిన అడుగు, నాగటి చాళ్లతో సహా పడితే ఎవరైనా పద్యం చెబుతారు. ఇది స్వభావోక్తి.

అదే లెక్క రంగుకూ వర్తిస్తుంది. అసలు కారు మీద పూతలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటాయి. బొమ్మ మీద కూడా అంతే పట్టిస్తే అది 2.4 మిల్లీమీటర్ల కింద లెక్క. తలుపు గీతలు పూడిపోయి కారు సబ్బుబిళ్ల అవుతుంది. ‘పల్చగా’ అన్న మాటను గురువులు అన్నిసార్లు అనేది అందుకే. పల్చటి పూతలంటే ఎక్కువ పూతలు, ఎక్కువ పూతలంటే ఎక్కువ ఆరబెట్టడం.

కొలత విషయంలో శాఖాభేదం ఉంది. అమెరికాలో డీలర్లకు పంచిన నమూనా కార్ల నుంచి ఇరవైఐదో వంతు పుట్టింది. ఏఎంటీ కంపెనీ 1958లో అదే కొలతలో కిట్లు తెచ్చింది. అంబాసిడరు లెక్కన ఈ రెంటికీ తేడా 7 మిల్లీమీటర్లు. ఈ 7 మిల్లీమీటర్ల కోసం రెండు శాఖల కార్లనూ ఒకే అరలో పెట్టనివారున్నారు. దోమకు ఈ పట్టింపు లేదు.

ఇక ‘ఆరనీక’ అన్న పదం పద్యానికి ప్రాణం. ఆరిందని తెలుసుకోవడం ఎలా? ముట్టి చూడటం ప్రత్యక్ష ప్రమాణమే, కాని అది తెలుసుకోదలచిన వస్తువునే చెడగొడుతుంది. డబ్బా మీద రాసిన నిమిషాలు శబ్ద ప్రమాణం. ఆ వాక్యం పుట్టిన గాలి వేరు, మన గాలి వేరు. కోస్తాలో వానాకాలం నీటి రంగులు ఆరడానికి బద్ధకిస్తాయి. లాకరు మరో పేచీ పెడుతుంది: థిన్నరు గబగబా ఆవిరై పూతను చల్లబరిస్తే, గాలిలోని తడి దాని మీద చేరి తెల్లటి మసక కమ్ముతుంది. అది కమ్మకుండా రిటార్డరు కలుపుతారు, అంటే ఆరడాన్ని మనమే ఆలస్యం చేస్తాం. ఎనామెల్ వీటన్నిటికంటే మాయదారిది. లాకరులా థిన్నరు పోగానే పని ముగిసేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి. పైన ఆరినట్టు కనిపించి, లోపల రోజుల తరబడి మెత్తగా ఉంటుంది. దాని మీద తొందరపడి లాకరు కొడితే కింది పూత ముడతలు పడి లేస్తుంది.

కాబట్టి అనుమాన ప్రమాణమే శరణ్యం. కారుకు కొట్టిన రంగే, అదే పూటలో, ఒక ప్లాస్టిక్ స్పూనుకు కూడా కొట్టాలి. ముట్టుకోవాలని వేలు పీకినప్పుడల్లా స్పూనును ముట్టాలి. స్పూను ఆరితే కారు ఆరింది, పొగ ఉంటే నిప్పు ఉన్నట్టు. రెండో ప్రమాణం ముక్కు. దగ్గర పెట్టుకుని వాసన చూసినప్పుడు థిన్నరు తగులుతుంటే ఇంకా ఆరలేదు. ముక్కు బానెట్టుకు తగలకూడదని వేరే చెప్పాలా?

ముట్టకూడనిదాన్ని ముట్టే గుణం ఈ విద్యకు మూలపురుషుల నుంచే వచ్చింది. జపాన్‌లోని షిజువోకాలో ఉన్న తమియా కంపెనీ పోర్షే 934కు పన్నెండో వంతు కిట్టు చేయదలచి, కొలతల కోసం నిజం పోర్షే 911 ఒకటి కొని విప్పేసింది. విప్పడం వచ్చింది, బిగించడం రాలేదు. పోర్షే మెకానిక్కుల్ని పిలవాల్సి వచ్చింది. కిట్టు మాత్రం 1976లో బయటికొచ్చింది. అంత చేసినవారి శిష్యుడు ఒక దోమ దగ్గర వేలిని ఆపుకోలేదంటే తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

ప్రాయశ్చిత్త విధి: ముద్ర పడ్డాక చేయవలసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. వెంటనే సరిచేయబోతే రెండో వేలు కూడా సాక్ష్యం చెబుతుంది. కారును డబ్బా కింద వారం పైన ఉంచాలి, ఎనామెల్ అయితే ఇంకా. తర్వాత 1500, ఆపైన 2000 నంబరు వాటర్ పేపరు నీళ్లలో ముంచి, ముద్ర గట్లు అణిగేదాకా తేలికగా రుద్దాలి; పాలిష్ కాంపౌండుతో మెరుపు తిరిగి తేవాలి. బానెట్టు అంచుల దగ్గర చెయ్యి వెనక్కి లాక్కోవాలి. అక్కడ పూత పల్చన, నాలుగు రుద్దులకే ప్రైమరు పళ్లికిలిస్తుంది. అది కనబడితే మళ్లీ రంగు, మళ్లీ ఫ్యాను కట్టడం.

‘తండ్రి’ అన్న సంబోధన ఎవరిదని ఒక చర్చ. గురువుదని కొందరు. ఆ ఇల్లాలిదే అని నా పక్షం. థిన్నరు వాసన భరించి, సబ్బు అయిపోయినా ఊరుకుని, తెల్లవారాక బానెట్టు చూసి ఈ మాట ఇంత శాంతంగా అనగలది ఆవిడే.

చివరగా పాఠభేదం. మూడో పాదాన్ని ‘వేసెను ఆ కారుపై’ అని విడగొట్టి పైన అర్థం చెప్పాను. ‘వేసె, నా కారుపై’ అని విడగొట్టినా గణాలు చెడవు. ఆ పాఠం ఒప్పుకుంటే కారు కవిదీ, వేలు ఇంకొకడిదీ అవుతాయి. రంగు వేసి పెడతానని కిట్టు పట్టుకెళ్లిన స్నేహితుడు ఎవరో కథలోకి వస్తాడు. అప్పుడు కొత్త కిట్టు ఎవరు కొనిపెట్టాలన్నది ఛందస్సు తేల్చే తగవు కాదు గనుక వ్యాఖ్యాత తప్పుకుంటున్నాడు.