పటాన్‌చెరు మాయాలోకం

కథలు రాయడం నేర్పే గురువులు ఈమధ్య ఒక చిట్కా తెగ పంచుతున్నారు. నువ్వు కట్టిన కల్పిత రాజ్యంలో చిక్కొచ్చి పడితే విప్పడానికి తంటాలు పడకు, దాన్నే ఆ లోకానికి అలంకారం చేసెయ్. రాజధానిలో మురుగెక్కడికి పోతుందని పాఠకుడు అడిగాడా? కోట కింద మురుగు తాగి బతికే భూతాన్ని పెట్టు. చిక్కు తీరింది, పైగా భూతం లాభం.

ఇదేదో కొత్త విద్యన్నట్టు చెబుతారు గానీ మన జానపద సినిమాల విఠలాచార్య ఎప్పుడో పాసైన క్లాసు. హీరో డేట్లివ్వకపోయినా, డబ్బు దగ్గర పేచీ పెట్టినా ఆయన బతిమాలేవాడు కాదట. శాపం పెట్టించి చిలకను చేసేసేవాడట. మిగతా షెడ్యూలంతా చిలకే నటించేది. చిలక్కి పారితోషికం అడగడం రాదు. సినిమా వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ముచ్చటిది. తెర మీద ఇది చెల్లుతుంది, టికెట్టు కొన్నవాడికి నష్టమేమీ లేదు. ఈ విద్య స్టూడియో గోడ దూకి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పడ్డాకే తంటా.

ఇక్కడి చిక్కు మందుల కంపెనీల వ్యర్థజలం. నక్కవాగులో పడి మంజీర దారి పట్టేది. సరిగ్గా శుద్ధి చేయాలంటే ఖర్చు. అందుకని వాగునే ఔషధ నది చేసేశారు. ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి 'శుద్ధి' అయి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. వాళ్ల లెక్కన రోజుకు దాదాపు 45 కిలోలు, అంటే స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో మింగేంత మందు. సంజీవని కోసం హనుమంతుడు కొండ మోయాల్సొచ్చింది, మనకు ఊరి పక్కనే పారింది. కాకపోతే అలాంటి నీళ్లలో బతకనేర్చిన సూక్ష్మజీవులు ఆ మందుకిక లొంగవు. వరం పొందిన రాక్షసులన్నమాట. జానపదమన్నాక ఉండాలిగా!

తర్వాతి అంకం సొరంగం. 18 కిలోమీటర్ల పైపు వేసి, హైదరాబాద్ నగరం మురుగులో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీకి దాటించారు. మంజీర కథలోని విలన్‌ని మూసీ కథలోకి బదిలీ చేశారంతే. అడిగితే విలన్ చచ్చాడంటారు. దీర్ఘ తపస్సు కూడా ఉంది. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్ చేరి, 2017లో గాని తీర్పు మొహం చూడలేదు.

ఇంత పెద్ద కథలో ఊరి జనానికి ఒక్క డైలాగు లేదు. ఉన్నదల్లా బోరు. పట్టిన బిందెడు నీళ్లు కాసేపటికే పచ్చబడతాయి. రైతు వాన కోసం మొగులు చూస్తాడు, దొంగచాటుగా వాగులో పారబోసే ట్యాంకరోడూ మొగులే చూస్తాడు. వాన పడితే ఇద్దరి పనీ అవుతుంది. అర్ధరాత్రి దాటాక గాలి కంపు మారితే కిటికీలు మూయాలని పసిపిల్లలకూ తెలుసు. మర్నాడు ఫిర్యాదు చేస్తే అధికారి వచ్చేసరికి కంపు మాయం. ఈ కథలో చిలకగా మారనని మొండికేసినవాడు డాక్టర్ అల్లాణి కిషన్‌రావు. పటాన్‌చెరులో రోగులను చూసుకుంటూనే దశాబ్దాల పాటు ఈ కాలుష్యం మీద కొట్లాడాడు.

ఇబ్బందిని అవకాశంగా మార్చుకోవడం తప్పని కాదు. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో 'ఫీల్ ద జైల్' పేరుతో 500 రూపాయలకు 24 గంటలు ఖైదీగా ఉండనిచ్చారు. ఖైదీ బట్టలు, పళ్లెం, మగ్గు కూడా ఇచ్చారు. నాకు నచ్చిందేమిటంటే, దాన్ని జైలనే పిలిచారు, రాజమహలని కాదు.

కాబట్టి నాదో మనవి. 'ఫీల్ ద వాగు' మొదలుపెట్టండి. అవే 24 గంటలు, నక్కవాగు గట్టు మీద. కంపెనీల యజమానులకు, కాలుష్య నియంత్రణ మండలి వారికి టికెట్టు ఫ్రీ. పళ్లెం, మగ్గు మేమే ఇస్తాం, బోరు పక్కనే ఉంటుంది. వెంట తెచ్చుకున్న వాటర్ బాటిళ్లు మాత్రం గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి రావాలి.