‘తెరయు గడ్డకట్ట’: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
తెరయు గడ్డకట్ట తిట్టకు తట్టకు
మూసినంత పోదు మొండి జబ్బు
రేపు మాపనకయె రీస్టార్టు నొకసారి
చేసి చూడుమోయి చింత దీరు

అవతారిక: మా పెదనాన్నగారు విజయవాడలో రిటైరైన లెక్కల మాస్టారు. కంప్యూటరు మొరాయించిందని ఆయన ఫోన్ చేసినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే మాట. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఆ మాటనే ఆటవెలదిలో పెట్టి వాట్సాప్‌లో పంపాను. ‘అర్థం కూడా రాసి పంపు’ అన్నారు. అందువల్ల మూలమూ నాదే, టీకా నాదే. కవిహృదయం తెలిసిన వ్యాఖ్యాత దొరకడం ఈ పద్యం చేసుకున్న పుణ్యం.

ప్రతిపదార్థం: తెరయు = తెర కూడా. ‘కూడా’ అనడంచేత మౌసూ, కీబోర్డూ, గృహస్థు ఓర్పూ అప్పటికే బిగుసుకుపోయాయని ధ్వని. గడ్డకట్ట = గడ్డకట్టగా. తిట్టకు = స్పష్టం. తట్టకు = సీపీయూ డబ్బాను అరచేత్తో చరచవద్దు. ఇది పాత టీవీలనాటి సంస్కారం. అప్పుడు లోపల ఊడీ ఊడని అతుకు ఒకటి దెబ్బకు సర్దుకుని బొమ్మ వచ్చేది. తిరిగే హార్డ్‌డిస్కు అలా కాదు. దాని పళ్ళేనికీ చదివే ముల్లుకూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు, తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అక్కడ చరిస్తే పోయేది మనవరాలి బారసాల ఫొటోలు.

మూసినంత = మూసినంత మాత్రాన. ఇచట వ్యాఖ్యాతలలో భేదం కలదు. (వ్యాఖ్యాతను నేనొక్కడినే అయినా భేదం లేని టీకకు గౌరవం తక్కువ.) ‘మూయుట’ అనగా ల్యాప్‌టాప్ మూత వేయుట అని మొదటి పక్షం. మూత వేస్తే యంత్రం నిద్రపోతుందే తప్ప ఆగదు. ర్యామ్‌లో ఉన్నదంతా, చిక్కుముడితో సహా, ఉన్నదున్నట్టే ఉంటుంది. కాదు, షట్‌డౌన్ చేయుటే అని రెండో పక్షం. మా పెదనాన్నగారు దీన్ని ఖండించారు: ‘రోజూ రాత్రి తొమ్మిదింటికి షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్చి కూడా కట్టేస్తాను. ఇంకా జబ్బెందుకుంటుందిరా?’

సమాధానం: 2012లో వచ్చిన విండోస్ 8తో ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టగానే మన ప్రోగ్రాములు మూతపడతాయి కానీ, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌నూ డ్రైవర్లనూ ఉన్న స్థితిలోనే డిస్కు మీద ఒక ఫైలులోకి దింపి దాస్తుంది. పొద్దున్నే దాన్నే పైకి ఎత్తుతుంది. నిన్న తిక్క పుట్టిన డ్రైవరు ఇవాళా అదే తిక్కతో లేస్తుంది. గోడ స్విచ్చి కట్టేసినా డిస్కు మీది రాత చెరగదు కదా. డిస్కులు నింపాదిగా తిరిగే రోజుల్లో కంప్యూటరు త్వరగా లేవడానికి ఇదొక వరం. ఎస్‌ఎస్‌డీ వచ్చాక దీనివల్ల మిగిలేవి ఏ కాసిని సెకన్లో.

నమ్మకపోతే ప్రత్యక్ష ప్రమాణం ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, దాని కింద సీపీయూ. ‘అప్ టైమ్’ అని ఒక అంకె కనిపిస్తుంది. పెదనాన్నగారి చేత ఫోన్‌లో చదివించాను. ఇరవై మూడు రోజుల చిల్లర. ‘నిన్న రాత్రి ఆర్పిందేమిటి మరి?’ అన్నారు. కొంచెంసేపు ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడే వినిపించింది.

ఒకప్పుడు ఈ బాధ ఉండేది కాదని నా అనుమానం. నడుస్తుండగా కరెంటు పోతే యంత్రానికి ఏదీ దాచుకునే వ్యవధి ఉండదు, మళ్ళీ మొదటినుంచీ లేవాల్సిందే. కోతల కాలంలో కరెంటాఫీసువారు ఇంటింటికీ ఉచితంగా రీస్టార్టు చేసిపెట్టారు. ఇన్వర్టరు వచ్చి ఆ వైద్యం పోయింది. అయితే అది మోటు వైద్యం. రాస్తున్న ఫైలు రాస్తుండగానే చెడేది.

రేపు మాపు అనకయె = వాయిదా వేయక. విండోస్ 95, 98లలో కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కపెట్టే గడికి 32 బిట్లే చోటు. 429 కోట్ల చిల్లర దాటితే అంకె మళ్ళీ సున్నా. రోజుల్లో 49.7. ఆపకుండా అన్నాళ్ళు నడిపితే యంత్రం కొయ్యబారేది. లెక్కల మాస్టారికి ఈ ఘట్టం మహా నచ్చింది, కాగితం మీద భాగించి చూసుకున్నారు.

రీస్టార్టు నొకసారి = రీస్టార్టును ఒక్కమారు. యతిస్థానంలో ఆంగ్లపదమేమని పండితులు కోప్పడవచ్చు. ‘పునఃప్రారంభము’ అంటే పెదనాన్నగారు స్క్రీన్ మీద ఎక్కడ వెతుకుతారు? షట్‌డౌన్‌కు లేని మహిమ దీనికుంది: రీస్టార్ట్ కొడితే ఫాస్ట్ స్టార్టప్ అడ్డురాదు, కెర్నెల్ సహా అంతా కొత్తగా మొదలవుతుంది. షట్‌డౌనే చేయాలని పట్టుదల ఉంటే షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగుతుంది. పవర్ బటన్ అదిమిపట్టడం మాత్రం, మౌసు బాణం కూడా కదలని ఆఖరి ఘడియకే.

చేసి చూడుమోయి = చేసి చూడు. చేసే ముందు, రాస్తున్నది సేవ్ చేసుకోవాలని అధ్యాహారం. గణాలు సరిపోక పద్యంలో పెట్టలేదు, క్షంతవ్యుణ్ణి.

చింత దీరు = బెంగ తీరుతుంది. ప్రింటరు గురించిన బెంగ ఇందులో చేరదు.

తాత్పర్యం: రీస్టార్ట్ కొట్టండి.

టీక పంపిన గంటకు ఫోన్ వచ్చింది. అప్ టైమ్ నాలుగు నిమిషాలట, కంప్యూటరు గుర్రంలా పరిగెత్తుతోందట. ఆశీర్వదిస్తారేమో అనుకున్నాను.

‘అంతా బాగానే ఉంది గానీ, ఓయి ఎవర్రా?’ అన్నారు పెదనాన్నగారు.