లేని చెరువు దాటాక లెఫ్ట్

రాజమండ్రిలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగాను. అన్నయ్య ఫోనులో దారి చెప్పాడు: "మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారరా. లక్డీకాపూల్‌లో దిగి ఆటో పట్టుకో. మాసబ్ ట్యాంక్, మెహిదీపట్నం... అవి దాటితే అత్తాపూర్ పక్కనే."

మెట్రో దాకా బాగానే నడిచింది. 2017లో పుట్టిన పిల్ల కదా, ఇంకా ఉన్నదున్నట్టు చెబుతుంది. తర్వాత ఫలానా స్టేషన్ అంటే నిజంగా అదే వస్తుంది. ఊరికి ఆ అలవాటు లేదు.

లక్డీకాపూల్ అంటే కర్ర వంతెన. దిగి చుట్టూ చూశాను. కర్రన్నది కనబడితే ఒట్టు. సరే, ఆటో ఎక్కి "ట్యాంక్ రాగానే చెప్పు బాబూ" అన్నాను. డ్రైవరు నవ్వి ఓ పార్కు చూపించాడు. చెరువుండాల్సిన చోట చాచా నెహ్రూ పార్కు ఉందిట. నీళ్లు పోయి ఎన్నాళ్లయినా పేరు మాత్రం తడారలేదు.

ప్యారడైజ్ దగ్గర బిర్యానీకి దిగేవాళ్లలో, ఆ పేరు ముందు ఓ సినిమాహాలుదని ఎందరికి తెలుసు? నల్గొండ చౌరస్తాలో నిలబడితే నల్గొండ ఇంకా వంద కిలోమీటర్లు. సంగీత్ థియేటర్‌ని ఎప్పుడో పడగొట్టారు, సంగీత్ దగ్గర దిగేవాళ్లు ఇవాళ్టికీ దిగుతూనే ఉన్నారు. సర్కారు ఉద్యోగాల్లో స్థానికుడెవడు, కానివాడెవడని 610 జీవో అంటూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు గానీ, నన్నడిగితే సులువు: కూల్చేసిన హాల్లో ఒక్క సినిమా అయినా చూసినవాడు లోకల్. మిగతా అందరం నిన్న రైలు దిగినవాళ్లమే, ఇల్లు కొనుక్కున్నవాళ్లతో సహా.

మెహిదీపట్నం దాటాక మళ్లీ అన్నయ్య. "పిల్లర్ నంబర్లు చూసుకుంటూ రా."

ప్రాణం లేచొచ్చింది. నెత్తిమీద పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, పదకొండు కిలోమీటర్ల పైచిలుకు, కింద వరసగా స్తంభాలు, ప్రతి స్తంభానికీ నంబరు. వీధి పేరు, ఇంటి నంబరు ఎవరికీ పట్టవు. పెళ్లి శుభలేఖ నుంచి పళ్ల డాక్టరు బోర్డు దాకా అడ్రసంటే పిల్లరే. 2009లో ఈ వంతెన వాహనాల కోసం కట్టారంటారు గానీ, కింద ఉన్నవాళ్లకి చిరునామా ఇవ్వడానికే కట్టినట్టుంది.

చెప్పిన పిల్లరు వచ్చింది. అవతలి వైపు మేడ మీంచి అన్నయ్య చెయ్యూపుతున్నాడు. ఫోనులో మ్యాపు కుడికి తిరగమంది. కుడివైపు సిమెంటు దిమ్మెలు. "రైట్ బంద్ చేసిన్రన్నా. సీదా పోయి యూటర్న్ కొట్టాలె" అన్నాడు డ్రైవరు.

"ఎంత దూరం?"

"పక్కనే."

ఫోను మోగింది. "ఏరా, వచ్చేశావా?"

"ఎదురుగానే ఉన్నానన్నయ్యా. ఇంకో అరగంట."