నోగోవాను పోగొట్టుకోవడం ఎలా

కౌంటర్ స్ట్రైక్‌లో చెయ్యి తిరిగినవారికి 'ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్: రెసిస్టెన్స్' ఒక లెక్కా? 2002లో వచ్చిన పాత కంప్యూటర్ ఆట. అది కూడా సొంతంగా నిలబడింది కాదు, ముందటేడు వచ్చిన 'కోల్డ్ వార్ క్రైసిస్'కు తగిలించిన ఎక్స్‌పాన్షన్ ప్యాక్. నోగోవా అనే ఊహాదీవి మీదికి 1982లో సోవియట్ సైన్యం దిగుతుంది. విక్టర్ ట్రోస్కా అనే మాజీ సైనికుడు తిరగబడతాడు. కథంతా ఇంతే. ఆదివారం భోంచేసి కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి దీవికి స్వాతంత్ర్యం తెచ్చేయవచ్చు. కాకపోతే ఈ కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటించాలి.

ముందుగా, అసలు ఆట 'కోల్డ్ వార్ క్రైసిస్' జోలికి పోకండి. దాని కథ 1985లో జరుగుతుంది, దీనిది 1982లో. ముందు జరిగింది ముందు ఆడాలి కదా! శిక్షణ పాఠాలు అందులో ఉంటే ఉన్నాయి, మనకెందుకు? ఇక్కడ కనిపించే గూబా అనే సోవియట్ అధికారి అక్కడ జనరల్ అయి ఎంత పని చేశాడో తెలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. తెలియకపోతే అతను మీకు మామూలు అధికారే. హాయిగా ఉంటుంది.

డబ్బు పోసి కొనడం కూడా దండగ. దొంగ కాపీ చాలు. బొహీమియా ఇంటరాక్టివ్ వాళ్ళు చేసిన ఈ ఆటలో ఫేడ్ అనే ఏర్పాటు ఉంది. దొంగ కాపీ అని కనిపెట్టినా అది తలుపు మూయదు. ఆట చక్కగా మొదలవుతుంది. ఆ తర్వాత మెల్లగా మీ గురి చెడుతుంది, గుళ్ళు తగలవు. అప్పుడు మౌస్‌ను తిట్టి కొత్తది కొనండి. ఇదే సంస్థ తర్వాత తెచ్చిన ఆర్మా 2లో అయితే దొంగ కాపీవాణ్ణి ఏకంగా పక్షిని చేసి వదిలారు. రెక్కలు వచ్చాక ఇక తుపాకీతో పనేముంది?

ఇక యుద్ధరంగంలోకి. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. కాబట్టి పొలానికి అడ్డంగా నిటారుగా పరుగెత్తండి. పడుకుని పాకడం, చెట్టు చాటున ఊపిరి బిగబట్టి రెండు నిమిషాలు కూర్చోవడం పిరికివాళ్ళ పని. ఈ ఆటలో ఒక్క గుండు తగిలినా ప్రాణం పోవచ్చు. కొట్టినవాడు ఎక్కడున్నాడో కూడా తెలియదు, ఎక్కడో పొదలో కదలని ఆకుపచ్చ చుక్క. కాలికి తగిలితే లేచి నిలబడలేరు, పాకాల్సిందే. చేతికి తగిలితే గురి నిలవదు. ఇవన్నీ చిన్న విషయాలు, పరుగు ఆపకండి.

మ్యాపు, దిక్సూచి, గడియారం మీ దగ్గరే ఉంటాయి. వాటిని తెరిచి చూస్తే దారి తెలియదని ఒప్పుకున్నట్టే. వెంట వచ్చే మనుషులకు ఎఫ్2, ఎఫ్3 అంటూ మీటలు నొక్కి ఆజ్ఞలు ఇవ్వవచ్చు కూడా. ఎందుకు? వాళ్ళే చూసుకుంటారు. మాటల్ని ముక్కముక్కలుగా అతికించినట్టు మాట్లాడే రేడియో గొంతు ఒక్కొక్కరూ పడిపోయారని చెబుతూనే ఉంటుంది, లెక్క మీకు శ్రమ లేకుండా తెలుస్తుంది.

అసలు కీలకం ఆయుధాల దగ్గరుంది. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. చాలా ఆటల్లో ప్రతి ఘట్టానికీ కొత్త తుపాకీ, నిండు తూటాలు చేతికిస్తారు. రెసిస్టెన్స్‌లో ఇచ్చేవాడు లేడు. తిరుగుబాటుదారులకు తొలుత దొరికేవి వేట తుపాకుల్లాంటివి. మంచివి కావాలంటే పడిపోయిన శత్రువు దగ్గర తీసుకోవాలి, లారీలో వేసుకుని శిబిరానికి చేర్చాలి. అలా చేర్చినవే తర్వాతి ఘట్టానికి ముందు పంచుకోవడానికి జాబితాలో కనబడతాయి. అందుకని నా సలహా: శవం మీద చెయ్యి వేయకండి, మర్యాద కాదు. లారీ దాకా నాలుగుసార్లు తిరగడం మీ హోదాకు తగదు. ట్యాంకుల్ని పేల్చే రాకెట్లు దొరికితే వాటిని ఒంటరి కాపలావాడి మీద వాడండి, చప్పుడు బావుంటుంది. ఆ తర్వాత ఎప్పుడో నిజంగా ట్యాంకులు వచ్చినప్పుడు మీ జాబితాలో వేట తుపాకీ ఒక్కటే మిగిలి ఉంటుంది. అప్పుడు ఆట చేసినవాళ్ళు అన్యాయం చేశారని అందరికీ చెప్పండి. నాలుగు ఘట్టాల కిందట చేసిన దుబారాకు ఇప్పుడు శిక్ష వేసే షూటర్ ఆటలు ఆ రోజుల్లో అరుదు. ఈ ప్యాక్ గొప్పదనమంతా అదేనని కొందరంటారు, వినకండి.

ఘట్టానికి ఒక్కసారే సేవ్ చేసుకోనిస్తారు. ఆ అవకాశాన్ని మొదటి నిమిషంలోనే, మీరింకా లారీ దిగకముందే వాడేయండి. అది సరిపోకపోతే ఎడమ షిఫ్ట్ పట్టుకుని అంకెల మీటల దగ్గరి మైనస్ నొక్కి, సేవ్‌గేమ్ అన్న మాట టైపు చేస్తే దొడ్డిదారి తెరుచుకుంటుంది. అడుగుకొకసారి వాడండి. అప్పుడిక పొదలో నక్కినా గుండె కొట్టుకోదు, ఎంత దూరం వచ్చామో, ఇప్పుడు చస్తే ఎంత పోతుందో అన్న లెక్కే ఉండదు. ఆ భయం లేకపోతే ఈ ఆటలో మిగిలేది 2002 నాటి గ్రాఫిక్స్ మాత్రమే. అవి అప్పటికే ఏమంత గొప్పవి కావు.

కథ సంగతి. మొదట్లోనే తిరుగుబాటుదారులతో చేరాలా, వాళ్ళను గూబాకు పట్టించాలా అన్నది ఆట మీకే వదిలేస్తుంది. సందేహించకండి, పట్టించండి. ఆటంతా అక్కడితో సరి. దీపాలు పెట్టే వేళ దాకా ఆగే పని కూడా ఉండదు. పెట్రోవిత్సె, లిపాని లాంటి ఊళ్ళ పేర్లు చదివి ఇవి చెక్ పేర్లు కదా అని ఆలోచించడం అనవసరం. ఆట చేసింది ప్రాగ్‌వాళ్ళు. 1968 ఆగస్టులో ఆ నగరం వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు నిజంగానే వచ్చాయి. ఆ జ్ఞాపకం ఉన్న దేశంలోని వాళ్ళు, తెల్లారేసరికి తన ఊళ్ళో పరాయి సైన్యాన్ని చూసే మనిషి కథ చెప్పడం కాకతాళీయమే అయి ఉంటుంది. తలుపు చాటున నిలబడి చూసే ఆ పల్లె జనాన్ని కంప్యూటర్ బొమ్మలనుకుని దాటిపోండి.

ఇన్ని చెప్పినా మీరు మొండిగా సరిగ్గానే ఆడాలనుకుంటే, దుకాణంలో పాత పేరుతో వెతక్కండి. ప్రచురణకర్త కోడ్‌మాస్టర్స్‌తో బొహీమియా విడిపోయాక 'ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్' పేరు కోడ్‌మాస్టర్స్ దగ్గరే ఉండిపోయింది. 2011 నుంచి ఇది 'ఆర్మా: కోల్డ్ వార్ అసాల్ట్' పేరుతో దొరుకుతోంది. రెసిస్టెన్స్ అందులోనే ఉంది. కోడ్‌మాస్టర్స్ చేసిన మరో ప్యాక్ 'రెడ్ హామర్' మాత్రం లేదు.