బండి ఒకటి, ధరలు నాలుగు

మా ఇల్లు తాండూరులో, కొలువు వికారాబాద్‌లో. మధ్య 40 కిలోమీటర్లూ ఏడేళ్ళుగా నా చిన్న కారే మోసింది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగేసరికి ఇంట్లోవాళ్ళకు దాని లోపాలన్నీ ఒక్కరోజే కనబడ్డాయి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామని ఒక షోరూంకి తోలుకెళ్ళాను.

బండి చూసే పిల్లగాడు బానెట్ మీద వేలితో గీసి, ఆ వేలు నాకు చూపించాడు.

"తాండూరు బండా సార్? నాపరాళ్ళ దుమ్ము. ఇంజన్ల పోతది. పదిహేను వేలు తీసేయాలె."

"ఎక్కువ వికారాబాద్‌లోనే ఉంటది తమ్మీ."

"అయితే అనంతగిరి గుట్ట రోజూ ఎక్కి దిగిందన్నట్టు. క్లచ్ అరిగుంటది. ఇంకో పది."

మూసీ పుట్టిన గుట్ట అది. మూసీ అయినా హైదరాబాద్ చేరాకే విలువ పోగొట్టుకుంది. నా కారుకు గుట్ట దగ్గరే పోయింది.

నెల కింద ఇన్సూరెన్స్ వాళ్ళు ఇదే బండి విలువ 3 లక్షల 40 వేలని రాసి ప్రీమియం గుంజారు. ఆ కాగితం తీసి చూపించా. "అది బండి పోతే ఇచ్చే ధర సార్, ఉంటే ఇచ్చేది వేరే" అన్నాడు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. నా ఏనుగు చస్తేనే వెయ్యి.

సంతలో ఎద్దును బేరమాడేటప్పుడు దళారి తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుంటాడు. చుట్టూ ఉన్న జనానికి ధర తెలియదు గానీ ఆ రెండు చేతులకూ తెలుసు. షోరూంలో ఏసీ వేసి, కూల్‌డ్రింక్ ఇచ్చి, నన్నే తువ్వాలు కింద కూర్చోబెట్టారు. పాత బండికి 2 లక్షల 20 వేలు, పైన ఎక్స్ఛేంజ్ బోనస్ 30 వేలు. రెండున్నర లక్షలు! కొంచెం ఛాతీ పొంగిన మాట నిజం. బండి ఇవ్వకుండా కొంటే ఎంత తగ్గిస్తారని ఊరికే అడిగా. 25 వేలట. బండి ఇస్తే మాత్రం ఆ 25 ఉండదట. అంటే నా జేబులోంచే 25 తీసి, వాళ్ళది ఒక 5 కలిపి, బోనస్ అని నాకే చదివించారు. నికరంగా నా బండికి పలికింది 2 లక్షల 25 వేలు. మా మెకానిక్ చాయ్ తాగించి మరీ 2 లక్షల 60 వేలిస్తానన్నాడు.

పాత కార్ల బజారులో బండి లోగుట్టు అమ్మేవాడికే ఎరుక, కొనేవాడు గుడ్డివాడని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. పాపం, ఆయన ఎప్పుడూ ఎక్స్ఛేంజ్‌కి బండి తీసుకుపోలేదనుకుంటా.

ఆఖరున బండి పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 ముందుకు జరిపారు, రెండూ ఖాళీవి. చేతులు ఎన్ని మారినా, ఆర్సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారం ఆ పేరుగలవాడి నెత్తినే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఆథరైజ్డ్ డీలర్ బండి తీసుకున్నట్టు ఫారం 29సి దాఖలైతే బాధ్యత ఆయనకు మారే నిబంధన 2023 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ 29సి ఏదని అడిగా. పిల్లగాడు మేనేజర్‌ని చూశాడు, మేనేజర్ ఫ్యాన్‌ని చూశాడు.

మెకానిక్‌కే ఇద్దామంటే ఇంట్లో అప్పటికే కొత్త బండి పూజకు ముహూర్తం పెట్టేశారు. కొనేవాళ్ళ పేరు నేనే పట్టుబట్టి రాయించి, సంతకం చేసి, తాళాలిచ్చి వచ్చా.

పదిహేను రోజులకు ఫోన్‌లో నా బండి కనబడింది. సింగిల్ ఓనర్, సర్కారు సార్ నడిపిన బండి, 3 లక్షల 35 వేలు. గొంతు మార్చి ఫోన్ చేశా.

"తాండూరు బండంట గదా, దుమ్ము..."

"దుమ్మెక్కడిది సార్! అనంతగిరి గాలి తప్ప ఇంకోటి పీల్చలే. ఇంతకీ మీ దగ్గర పాత బండేమన్నా ఉన్నదా? బోనస్ ఇప్పిస్తా."