చదువులకూ సీలింగ్ పెట్టండి

2020 సెప్టెంబర్ 7న తెలంగాణ సర్కారు ఆదేశం రావడమే ఆలస్యం, వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) చేతిలోని రికార్డులన్నీ తహశీల్దార్ ఆఫీసులకు చేరిపోయాయి. 11న శాసనసభలో ఆ పోస్టులు రద్దుచేసే బిల్లు కూడా పాసైంది. సర్కారు తలుచుకుంటే పని ఇంత చురుగ్గా అవుతుందా! ఇదే ఊపులో ఇంకొక్కటి కూడా స్వాధీనం చేసుకోమని నా మనవి: ఊళ్లలో పోగుపడ్డ మిగులు చదువు.

అంతకు రెండేళ్ల ముందు, 2018 సెప్టెంబర్ 16న, ఈ వీఆర్వో పోస్టులకే పరీక్ష జరిగింది. పోస్టులు 700, దరఖాస్తులు 10 లక్షల పైచిలుకు. అడిగింది ఇంటర్. క్యూలో ఇంజనీర్లు, ఎంఫిల్లులు, పీహెచ్‌డీలు. ఇంత ఆస్తి పహాణీకి ఎక్కకుండా దాచుకున్నారన్నమాట! 1973లో భూమికి సీలింగ్ చట్టం చేశాం. చదువుకెందుకు చేయకూడదు?

ఇంటర్ దాకా పట్టా. డిగ్రీని ఖుష్కి కింద రాయొచ్చు. పీజీ దాటితే మిగులే, డిక్లరేషన్ ఇవ్వాల్సిందే. ఎమ్మెస్సీ తన పేర ఉంచుకొని బీఈడీని భార్య పేర పెట్టినవాడిపై బినామీ కేసు. (బ్యాక్‌లాగులున్న బీటెక్‌ను బంజరుగా చూపొచ్చు, పాపం.) నల్లగొండలో, పాలమూరులో మండలానికో కౌంటర్. గిర్దావర్ థీసిస్ ముందేసుకొని పంచనామా చేస్తుంటాడు.

"ఎన్ని పేజీలయ్యా?"

"మూడొందలు సార్."

"సాగుల ఉన్నదా?"

"లేదు సార్. నాలుగేండ్ల సంది పడావే."

"మరి శిస్తు ఎవరు కడుతుండ్రు?"

"మా నాయిన సార్. బొంబాయిల."

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. బొంబాయిలో మట్టి తట్టలు మోసి, మిత్తికి తెచ్చి చదివించిన తండ్రులున్న జిల్లాలివి. "పీహెచ్‌డీ చేసి వీఆర్వో పరీక్షా!" అని ఎకసెక్కాలాడిన పెద్దమనుషులారా, ఆ పిల్లగాడి చదువుకు కొలతపెట్టి చేసిన కుర్చీ వాడి జిల్లాలోనే ఉంది. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో పెట్టారు. రాష్ట్రంలోని వర్సిటీల్లో 1,061 అధ్యాపక పోస్టుల భర్తీకి 2017లో అనుమతి ఇచ్చారు. 2020 నాటికి మూడేళ్లయినా భర్తీ కాలేదు. పీహెచ్‌డీలు ఇచ్చే చోట పాఠం చెప్పేవాళ్లు కరువయ్యారు, పాఠం చెప్పగలవాడు ఇంటర్ వాళ్ల వరసలో హాల్‌టికెట్ పట్టుకొని నిలబడ్డాడు. ఎవడి చదువు ఎక్కువైందయ్యా?

సిగ్గు చంపుకొని ఊళ్లో పట్వారీ పనికైనా సిద్ధమన్నాడు వాడు. చివరికి ఆ పని కూడా ఎత్తేశారు.