ఈశాన్యంలో రౌటర్

మా వీధిలో రెండంతస్తుల బాబాయ్ మూడు మెష్ వైఫై డబ్బాలు కొన్నాడు. అట్టపెట్టె మీద 5,400 ఎంబీపీఎస్ అని బంగారు అంకెలు. ఇంటికొచ్చే కనెక్షన్ 100. బిందెడు నీళ్లిచ్చే కొళాయికి చెరువు తూము బిగించినట్టు! ఒకటి వాస్తు ప్రకారం ఈశాన్యంలో, ఒకటి టీవీ వెనక, మూడోది ఇనుప బీరువాలో (పిల్లలు ముట్టుకోకుండా). 5 గిగాహెర్ట్జ్ తరంగానికి కాంక్రీటు గోడంటేనే గిట్టదు, ఇక బీరువా సంగతి చెప్పాలా? పైగా డబ్బాలన్నీ ఒకే బ్యాండు మీద కబురందించుకుంటే మజిలీ మజిలీకీ వేగం సగం హాంఫట్.

"మధ్యలో ఈథర్నెట్ తీగ లాగించు బాబాయ్" అన్నాను.

"వైర్‌లెస్‌కి వైరేంట్రా, పరువు పోదూ?"

పరువు నిలిచింది. సినిమా మాత్రం మేడ మీద, ఫోన్ డేటాతో చూస్తున్నాడు.